అవుట్‌పోస్ట్ డాట్ కామ్: రాత్రి తొమ్మిదికి ఆర్డర్ పెడితే మర్నాడు చేతిలో

ఇంటర్నెట్‌లో కంప్యూటర్ సామాను అమ్మే అమెరికా కొట్టు అవుట్‌పోస్ట్‌లో నేను మొదట కొన్నది ఒక జిప్ డ్రైవ్ (ఫైళ్ళు దాచుకునే అప్పటి డిస్కు పరికరం), 1998 చివర్లో. వైటూకే పని (2000 సంవత్సరం తేదీల కోసం పాత ప్రోగ్రాములు సరిచేసే పని) మీద కాలిఫోర్నియాలోని సన్నీవేల్ వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. కార్డు నంబరు ఇంటర్నెట్‌లో కొట్టడం అదే మొదటిసారి. "వద్దురా, ఆ నంబరు ఎవడి చేతిలో పడుతుందో" అని రూమ్మేట్ పక్కనే నిలబడి అంటూనే ఉన్నాడు. వాడి భయం నాకూ ఉంది. హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్ళూ ఏ పార్టు కావాలన్నా సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళేవాణ్ణి. షాపతను ర్యామ్ బిగించి, మెషిన్ ఆన్ చేసి, తెర మీద మెమరీ లెక్క చూపించాకే డబ్బులు తీసుకునేవాడు. అలా అలవాటైనవాడికి, మనిషే కనపడని కొట్టుకి ముందే డబ్బు కట్టాలంటే టెన్షనే మరి.

మర్నాడు భోజనానికి లేవబోతుంటే రిసెప్షన్ నుంచి ఫోన్. పార్సిల్ వచ్చిందట.

ఆ రోజు నుంచి వాళ్ళు అమ్ముడుపోయేదాకా, దాదాపు మూడేళ్ళు, నేను వాళ్ళ దగ్గరే కొన్నాను. ర్యామ్, మోడెమ్, కేబుళ్ళు, ఇండియా వెళ్ళేవాళ్ళతో తమ్ముడికి పంపడానికి హార్డ్ డిస్క్. ప్యాకింగ్ గట్టిగా ఉండేది. సరుకు ఉందో లేదో సైటులో ఏం చెబితే అదే నిజం. ఇవాళ ఇది గొప్పగా అనిపించకపోవచ్చు గానీ, అప్పట్లో చాలా గొప్పే. అదే కాలంలో ఇంకో సైటులో మానిటర్ కొని, రిబేటు (కొన్నాక కొంత డబ్బు వెనక్కిచ్చే పద్ధతి) కోసం అట్టపెట్టె మీది బార్‌కోడ్ కత్తిరించి పోస్టు చేశాను. 50 డాలర్ల చెక్కు కోసం ఏడు నెలలు చూశాను, రానేలేదు. ఆ తర్వాత అవుట్‌పోస్ట్‌లో ధర మూడు నాలుగు డాలర్లు ఎక్కువున్నా పట్టించుకోలేదు.

ఒక్క రాత్రిలో సరుకు ఎలా వచ్చేదో ఆరా తీస్తే తెలిసింది. ఆఫీసు కనెక్టికట్‌లో కెంట్ అనే చిన్న ఊళ్ళో. 1995లో డారిల్ పెక్ మొదలుపెట్టినప్పుడు పెట్టిన పూర్తి పేరు సైబేరియన్ అవుట్‌పోస్ట్, సైబర్‌నీ సైబీరియానూ కలిపి. గోడౌన్ మాత్రం ఒహాయోలోని విల్మింగ్టన్‌లో. ఎయిర్‌బోర్న్ ఎక్స్‌ప్రెస్ కొరియర్‌కి అక్కడ సొంత విమానాశ్రయం ఉండేది. దేశం నలుమూలల నుంచి దాని విమానాలు రాత్రిపూట అక్కడికి చేరి, పార్సిళ్ళు మార్చుకుని, తెల్లారకముందే ఎగిరిపోయేవి. అందుకే తూర్పు తీరం టైములో అర్ధరాత్రి దాకా ఆర్డర్లు తీసుకోగలిగేవారు. మా కాలిఫోర్నియాలో అది రాత్రి తొమ్మిది. అన్నం తిని, కంచం కడిగి, తీరిగ్గా కూర్చుని ఆర్డర్ పెట్టేవాణ్ణి.

కొంతకాలం ఆ ఓవర్‌నైట్ డెలివరీ ఉచితంగా కూడా ఇచ్చారు. పన్నెండు డాలర్ల కేబుల్ కూడా నాకోసం విమానం ఎక్కి వచ్చింది. అప్పుడు సంతోషించాను, ఇప్పుడు ఆలోచిస్తే బాధగా ఉంటుంది. కంప్యూటర్ సామాను మీద మిగిలేదే తక్కువ. అదే కంపెనీ, అదే మోడల్ ప్రతి కొట్టులోనూ దొరుకుతుంది, డాలర్ తగ్గించినవాడి దగ్గరికి జనం పోతారు. అందులోంచి విమానం ఖర్చు కూడా తీయాలంటే ఎక్కణ్ణుంచి వస్తుంది? నాలాంటి కస్టమర్లు నాలుగు పార్టులు కూడబెట్టి ఒకేసారి కొని ఉండాల్సింది. ఉచితమే కదా అని మేం విడివిడిగా తెప్పించాం.

ప్రకటనల విషయంలో మాత్రం నేను వాళ్ళను సమర్థించలేను. 1998లో టీవీలో వచ్చిందొకటి: గోడ మీద పేరులోని మొదటి అక్షరానికి కన్నం పెట్టి, చిట్టెలుకల్లాంటి జంతువుల్ని ఫిరంగితో అందులోకి పేలుస్తారు. నిజం జంతువులు కావు, అయినా నాకు నచ్చలేదు. మా ఆఫీసులో అందరికీ ఆ ఫిరంగి గుర్తుంది. ఆ సైటులో ఏం దొరుకుతుందని అడిగితే సగం మంది చెప్పలేకపోయారు. ఆ డబ్బుతో విల్మింగ్టన్ గోడౌన్ సంగతి చూపించినా బాగుండేది. మర్నాడు అందుతుందన్న మాట కన్నా పెద్ద ప్రకటన ఏముంది?

1998 జులై చివర్లో అవుట్‌పోస్ట్ పబ్లిక్ ఇష్యూకి వచ్చినప్పుడు షేరు 18 డాలర్లు. డాట్‌కామ్‌లు కుప్పకూలాక, 2001లో డాలరు కన్నా కిందికి దిగింది. ముందు పీసీ కనెక్షన్ అనే ఇంకో కంప్యూటర్ల అమ్మకం కంపెనీ కొంటామని ఒప్పందం చేసుకుంది. చివరికి ఫ్రైస్ ఎలక్ట్రానిక్స్ చేతికి వెళ్ళింది. 1985లో మా సన్నీవేల్‌లోనే పుట్టిన షాపు అది. దాని యజమానులది కిరాణా కుటుంబం కాబట్టి మొదట్లో కంప్యూటర్ చిప్పులతో పాటు బంగాళాదుంప చిప్స్ కూడా అమ్మేవారు. కొన్నేళ్ళు అవుట్‌పోస్ట్ పేరు అలాగే ఉంచి, తర్వాత సైటుకి తమ పేరే పెట్టుకున్నారు. ఆ ఫ్రైస్ కూడా 2021 ఫిబ్రవరి 24న అన్ని షాపులూ ఒకేసారి మూసేసింది.

విల్మింగ్టన్ సంగతి చెప్పాలి. ఎయిర్‌బోర్న్‌ని 2003లో డీహెచ్‌ఎల్ అనే ఇంకో కొరియర్ కంపెనీ కొన్నది. కొన్నేళ్ళకు అమెరికా లోపలి కొరియర్ సర్వీసు ఆపేయడంతో ఆ ఊళ్ళో వేలమందికి పని పోయింది. 2015లో అమెజాన్ తన సరుకు కోసం కార్గో విమానాలు నడిపి చూడాలనుకుని, ఆ విమానాశ్రయాన్నే ఎంచుకుంది. ఆ వార్త చదివిన రోజు నా పాత రూమ్మేట్‌కి ఫోన్ చేసి, జిప్ డ్రైవ్ ఎక్కిన రన్‌వే ఇదేరా అని చెప్పాను.