విడుదలకు ముందే డెబియన్ 13తో కాపురం

లినక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఇంకా టెస్టింగ్‌లో ఉండగానే రోజువారీ పనికి వాడొచ్చా అని ఎవరైనా అడిగితే, ఏ నెలలో అని తిరిగి అడుగుతాను. డెబియన్ 13, అంటే ట్రిక్సీ, 2025 ఆగస్టు 9న విడుదలైంది. నేను దాన్ని 2024 సంక్రాంతి వెళ్ళాక ఎక్కించుకున్నాను. ఈ ఏడాదిన్నరలో అది ఒక్కలా లేదు. మొదట్లో ముచ్చటగా ఉంది, ఆ తర్వాత కొన్ని నెలలు ఏడిపించింది, చివర్లో అసలు అప్‌డేట్లు వస్తున్నాయో లేదో తెలియనంత కుదురుగా నడిచింది. కాబట్టి నెల చెప్పకుండా బాగుందనీ బాగోలేదనీ చెప్పడం కుదరదు.

నా పని అనువాదాలు, ప్రూఫులు. ఉండేది విశాఖ మద్దిలపాలెంలో. మిషన్ ద్వారకానగర్‌లో కొన్న సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్: ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. గేమ్స్ ఆడను, కోడ్ రాయను. లిబ్రెఆఫీస్, బ్రౌజర్, కట్టలకొద్దీ పీడీఎఫ్‌లు, అప్పుడప్పుడు ఒక వీడియో మీటింగ్. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ళకి, ఎన్‌విడియా కార్డు ఉన్నవాళ్ళకి ఈ సమీక్ష పెద్దగా పనికిరాదు.

గాజువాకలో జిరాక్స్ షాపు నడిపే మా బావకి ఇదంతా వింత. “ఏటి బావా, రిలీజే అవ్వనిదాన్ని పని చేసుకునే మిషన్‌లో ఎట్టుకున్నావా?” అన్నాడు. ఆయనకి చెప్పిందే ఇక్కడా చెబుతాను. డెబియన్‌లో కొత్త ప్యాకేజీ, అంటే ఒక ప్రోగ్రామో దాని భాగమో, ముందు సిడ్ అనే అన్‌స్టేబుల్ విభాగంలో పడుతుంది. అక్కడ మామూలుగా రెండు నుంచి పది రోజులు ఉంటుంది. ఈలోపు ఎవరూ తీవ్రమైన బగ్ పట్టుకోకపోతే దానంతటదే టెస్టింగ్‌లోకి దిగుతుంది. సుమారు రెండేళ్ళకోసారి ఆ టెస్టింగ్‌ని ఆపి, సానబట్టి, స్టేబుల్ అని పేరు పెడతారు. అంటే ఇది ఎవరో ఒక రాత్రి తయారుచేసి వదిలిన బీటా కాదు. రోజూ కొంచెం కొంచెం కదిలే సరుకు. బావ అంతా విని, “అయితే ఎప్పుడైనా ఆగిపోద్దన్నమాట” అన్నాడు. ఆయన తేల్చింది తప్పేమీ కాదు.

వారం వారం వచ్చే ఇన్‌స్టాలర్ ఇమేజ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి మొదలుపెట్టాను. గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో భాషల జాబితాలో తెలుగు ఉంది, అదే ఎంచుకున్నాను. డిస్క్ విభజన పేజీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం టెన్షన్ పట్టుకుంది. ఏది చెరిగిపోతుందో చెప్పే వాక్యాన్ని ఏ భాషలో అయినా రెండుసార్లు చదవాల్సిందే. వైఫై ఇన్‌స్టాల్ అవుతుండగానే దొరకడం నాకు పెద్ద ఊరట. పాత డెబియన్లలో వైఫై చిప్‌కి కావలసిన ఫర్మ్‌వేర్‌ని విడిగా వెతికి ఇంకో పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాల్సి వచ్చేది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి అది అసలు ఇమేజ్‌లోనే ఉంటోంది. డెబియన్ అంటే ముందు వైఫైతో కుస్తీ అనుకుని వెనక్కి పోయినవాళ్ళు మళ్ళీ ఒకసారి చూడొచ్చు.

గ్నోమ్ డెస్క్‌టాప్ చూస్తే మొదట బోసిగా అనిపిస్తుంది. పైన ఒక పట్టీ, కింద వాల్‌పేపర్, అంతే. విండోస్‌కి అలవాటుపడ్డ మా ఇంట్లోవాళ్ళు స్టార్ట్ బటన్ కోసం వెతికారు. నాకైతే ఆ ఖాళీయే నచ్చింది. ఒక పక్క మూలం, ఇంకో పక్క అనువాదం పెట్టుకుంటే తెరమీద ఇంకేమీ అడ్డురాదు.

నాకు అసలు పరీక్ష తెలుగు టైపింగ్. భాషల టైపింగ్ చూసుకునే ఐబస్‌కి తోడు ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, పోతన లేఅవుట్లు వచ్చేస్తాయి. సూపర్ కీ (విండోస్ గుర్తు ఉన్నది), స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మారుతుంది. నేను ఆర్‌టీఎస్ మనిషిని, పాత అలవాటు. ధార్ష్ట్యం, స్వాతంత్ర్యం, వైశిష్ట్యం, లక్ష్మి అని నాలుగు మాటలు కొట్టి చూశాను. ఒత్తులు ఎక్కడివక్కడ కూర్చున్నాయి. లోహిత్, నోటో ఫాంట్లు బాగానే ఉన్నాయి. ఫాంట్స్‌తెలు ప్యాకేజీ వేసుకుంటే పోతన, వేమన కూడా వస్తాయి. ప్రూఫు చదవడానికి నాకు పోతనే హాయి, అక్షరం కాస్త గుండ్రంగా, వత్తుగా ఉంటుంది.

లిబ్రెఆఫీస్‌లో ఒక మెలిక ఉంది, తెలుగువాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పైన టూల్‌బార్‌లో ఫాంటు మార్చినా ఒక్కోసారి తెలుగు అక్షరం కదలదు. ఎందుకంటే తెలుగుకి వేరే లెక్క: స్టైల్ సెట్టింగుల్లో కాంప్లెక్స్ టెక్స్ట్ అని ఇంకో గడి ఉంటుంది, తెలుగు ఫాంటూ సైజూ అక్కడ పెట్టాలి. ఒకసారి డిఫాల్ట్ స్టైల్‌లో మార్చుకుంటే మళ్ళీ ఆ గొడవ ఉండదు. తెలుగు స్పెల్‌చెక్ కూడా ఉంది గానీ, నేను తీసేశాను. విభక్తులూ సంధులూ కలిసిన మాట ఏదొచ్చినా దానికి అనుమానమే, పేరా మొత్తం కింద ఎర్రగీతలు గీసి పెడుతుంది. ఇక యూనికోడ్ రాకముందు డీటీపీ ఫాంట్లలో కొట్టిన పాత ఫైళ్ళు తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. దానికి డెబియన్‌ని అని లాభం లేదు. ఆ ఫైళ్ళని కన్వర్టర్‌లో వేసి, తర్వాత కూర్చుని తప్పులు దిద్దుకోవడమే.

ఇంతవరకూ ముచ్చటే. 2024 మార్చి 29, గుడ్‌ఫ్రైడే. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఫోన్ చేసి, “మావయ్యా, నీ దాంట్లో ఎక్స్‌జెడ్ వెర్షన్ ఎంతో చూడు, ముందు అది చూడు” అన్నాడు. చూస్తే 5.6.1. ఆ రోజే బయటపడిన సంగతి ఇది. ఫైళ్ళని కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో (వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడు), రెండేళ్ళకు పైగా నమ్మకం సంపాదించుకున్న ఒక మెయింటైనర్ (దాని బాగోగులు చూసే వ్యక్తి) పేరుతో, దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన మిషన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి ఇంకో మిషన్‌లోకి వెళ్ళే దారి) లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వితే దొరికింది. ఆయన పరీక్షిస్తున్నది డెబియన్ సిడ్ మీదే. స్టేబుల్ వాడేవాళ్ళకి ఆ వెర్షన్ అసలు చేరలేదు. సిడ్‌లోకి, టెస్టింగ్‌లోకి వచ్చింది, అంటే నా లాప్‌టాప్‌లోకీ వచ్చింది. నా దగ్గర ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ లేదు కాబట్టి ముప్పు తక్కువే. అయినా ఆ సాయంత్రం నెట్ బ్యాంకింగ్ జోలికి పోలేదు.

దిద్దుబాటు వెంటనే వచ్చింది. దాని వెర్షన్ సంఖ్య చూసి నవ్వొచ్చింది: 5.6.1+రియల్లీ5.4.5-1. ప్యాకేజీలు ఎక్కించే ఏపీటీ ఎప్పుడూ పెద్ద సంఖ్య వైపే వెళుతుంది, వెనక్కి దిగదు. అందుకని పైకి 5.6.1 లాగా కనిపిస్తూ లోపల నిజానికి పాత 5.4.5 ఉందని పేరులోనే రాసేశారు.

ఆ హడావుడి తగ్గకముందే ఇంకోటి. 32 బిట్ కంప్యూటర్లు కాలాన్ని లెక్కపెట్టే పద్ధతి 2038 జనవరి 19తో నిండిపోతుంది. దాన్ని సరిచేయడానికి డెబియన్ వాళ్ళు వందల లైబ్రరీలను మళ్ళీ కట్టి, పేర్ల చివర టీ64 అని తోక తగిలించారు. నాది 64 బిట్ మిషన్, ఆ సమస్యే లేదు. కానీ అన్ని రకాల మిషన్లకీ ప్యాకేజీ పేరు ఒకటే ఉండాలి కనుక, ఊళ్ళో పెళ్ళికి నా లాప్‌టాప్‌కి హడావుడి అన్నట్టయింది. 2024 వేసవిలో ఒకరోజు ఫుల్-అప్‌గ్రేడ్ కొడితే, కొత్తవి వేయాలంటే గ్నోమ్‌లో సగం, లిబ్రెఆఫీస్ మొత్తం తీసేస్తానని జాబితా పెట్టింది. పేరు తర్వాత పేరు, తెర నిండిపోయింది. కింద వై లేదా ఎన్ అని అడుగుతోంది. ఎన్ కొట్టాను. వారం ఆగి చూశాను, జాబితా కాస్త చిక్కింది. ఇంకొన్ని వారాలకి ఒక్కటీ తీసేయకుండా అంతా ఎక్కింది.

టెస్టింగ్‌లో బతకడానికి కావలసిన తెలివి ఇంతే: తీసివేతల జాబితా చదవడం. మామూలు అప్‌గ్రేడ్ ఆదేశం ఉన్నదాన్ని ఎప్పుడూ తీసేయదు, రోజువారీగా అది చాలు. ఫుల్-అప్‌గ్రేడ్ తీరిక ఉన్నప్పుడు, డెడ్‌లైన్ లేనప్పుడు. తర్వాత వచ్చిన ఏపీటీ 3.0లో తీసేసేవాటిని ఎర్రరంగులో చివరన చూపిస్తున్నారు, కన్ను దానిమీదే పడుతుంది. అది ముందే ఉంటే ఆ వేసవిలో నా బీపీ కొంత తగ్గేది. ఏపీటీ-లిస్ట్‌బగ్స్ అనే చిన్న సాధనం కూడా వేసుకోండి. ఎక్కబోయే ప్యాకేజీ మీద తీవ్రమైన బగ్ నమోదై ఉంటే ముందే చెబుతుంది.

మన ఊళ్ళో వాయుగుండం పట్టిందంటే కేబుల్ నెట్ మీద ఆశ వదులుకోవాల్సిందే. స్తంభం మీద వైరు తెగితే బాగుచేసేవాడు వాన తగ్గాకే వస్తాడు. అలాంటి రోజు అప్‌డేట్ మధ్యలో నెట్ పోతే ఏమవుతుందోనని చాలామంది భయపడతారు. ఏమీ కాదు. అన్నీ దిగాకే ఇన్‌స్టాల్ మొదలవుతుంది, సగం దిగినవి ఫోన్ హాట్‌స్పాట్ మీద అక్కణ్ణుంచే కొనసాగుతాయి. డేటా ప్యాక్ మాత్రం హారతి కర్పూరమే. టెస్టింగ్‌లో అప్‌డేట్ల బరువు ఎక్కువ. నెలకి ఇంత డేటా అని లెక్కపెట్టుకుని వాడేవాళ్ళకి నేను దీన్ని సిఫారసు చేయను.

మధ్యలో వచ్చిన మార్పుల్లో ఒకటి నా పనికి తగిలింది. తాత్కాలిక ఫోల్డర్ టీఎంపీని డిస్క్ మీంచి ర్యామ్‌లోకి మార్చారు, సగం ర్యామ్ దాకా వాడుకోవచ్చు. 8 జీబీ మిషన్‌లో పెద్ద పెద్ద స్కాన్ పీడీఎఫ్‌లను అక్కడ విప్పితే బ్రౌజర్ నత్తనడక నడిచింది. పాత పద్ధతికి మార్చుకునే ఆదేశం విడుదల పత్రాల్లోనే ఉంది, మార్చేసుకున్నాను. కోపమేమీ రాలేదు, కానీ తక్కువ ర్యామ్ ఉన్నవాళ్ళు తెలుసుకోవలసిన సంగతి.

దానికి బదులు తీర్చింది గ్నోమ్ 48. పాత ఇంటెల్ గ్రాఫిక్స్ మీద కూడా విండోలు తెరవడం, మూయడం కంటికి నున్నగా కనిపిస్తోంది. బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ కూడా అందులోనే వచ్చింది. రోజంతా చార్జర్ పెట్టే ఉంచే నాలాంటివాళ్ళకి అది వరం. అయితే అన్ని లాప్‌టాప్‌లలోనూ ఆ సెట్టింగ్ కనిపించదు, లోపలి హార్డ్‌వేర్ ఒప్పుకోవాలి. ప్రింటర్, మీటింగ్‌లో స్క్రీన్ షేరింగ్, బ్లూటూత్ గురించి చెప్పడానికేమీ లేదు, పనిచేశాయి.

2025 మార్చిలో ఫ్రీజ్ మొదలైంది. అంటే కొత్త వెర్షన్లు రావడం క్రమంగా ఆగి, ఉన్నవాటిలో తప్పులు దిద్దడమే మిగిలింది. నెలలు గడిచేకొద్దీ అప్‌డేట్లు పలచబడ్డాయి. జూన్ నాటికి నేను ఏపీటీ జాబితా చదవడం కూడా మానేశాను, చదవడానికి ఏముందని? ఎవరైనా టెస్టింగ్ రుచి చూడాలనుకుంటే నేను చూపించే కిటికీ ఇదే, ఫ్రీజ్ మొదలైన రెండు నెలల తర్వాత నుంచి విడుదల దాకా. దానికి ముందు ఎక్కేవాళ్ళు ఒక సంగతి ఒప్పుకుని ఎక్కాలి. స్టేబుల్‌కి ఉన్నంత భద్రతా కాపలా టెస్టింగ్‌కి ఉండదు. దిద్దుబాట్లు మామూలుగా సిడ్ మీదుగానే రావాలి, మధ్యలో ఏదైనా లైబ్రరీ మార్పు అడ్డుపడితే అక్కడే ఇరుక్కుంటాయి. టీ64 రోజుల్లో నాకు అన్నిటికంటే చికాకు పుట్టించింది అదే. ఏదో చెడిపోవడం కాదు, రావలసిన బ్రౌజర్ అప్‌డేట్ రాకపోవడం.

విడుదల రోజు శ్రావణ పౌర్ణమి, శనివారం. ఇంటినిండా చుట్టాలు. మర్నాడు అప్‌డేట్ కొడితే, రిపాజిటరీ (ప్యాకేజీలు దిగే చోటు) తన పేరు టెస్టింగ్ నుంచి స్టేబుల్‌కి మార్చుకుందని ఒక నోటీసు చూపించింది. అంతకుమించి ఏమీ జరగలేదు. రీఇన్‌స్టాల్ లేదు, ఫైళ్ళు కదల్లేదు.

అంత సాఫీగా జరగడానికి కారణం మా మేనల్లుడు మొదట్లోనే చేయించిన పని: అప్‌డేట్లు ఎక్కణ్ణుంచి రావాలో చెప్పే సోర్సెస్ ఫైల్‌లో టెస్టింగ్ అని కాకుండా ట్రిక్సీ అని రాయించాడు. టెస్టింగ్ అని ఉండి ఉంటే విడుదల కాగానే చెప్పాపెట్టకుండా ఫోర్కీలోకి, అంటే రాబోయే డెబియన్ 14లోకి లాక్కుపోయేది. విడుదల తర్వాత మొదటి నెలల్లోనే ఆగి ఉన్న మార్పులన్నీ ఒక్కసారి మీద పడతాయి. వాడు తన మిషన్‌లో ఇప్పటికే ఫోర్కీ వేసుకున్నాడు, వాడికి అది సరదా. నేను 13 మీదే ఉన్నాను. ఫోర్కీ ఫ్రీజ్ అయ్యాక అప్పుడు చూస్తాను.

ఈ కథంతా విన్నాక మా బావ మనసు మార్చుకుని, షాపులో మూలన ఉన్న పాత డెస్క్‌టాప్‌కి కూడా ఇదే వేయమన్నాడు. అది 32 బిట్ పెంటియమ్ మిషన్. 13 నుంచి 32 బిట్ పీసీలకి ఇన్‌స్టాలర్, కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) రెండూ ఇవ్వడం ఆపేశారు. దాని మీద డెబియన్ 12 వేసి, మెనూలన్నీ తెలుగులో పెట్టి ఇచ్చాను.