వనపర్తి, కొల్లాపూర్, గద్వాల: సంస్థానాల ఇళ్లు రెండు రోజుల్లో

ఒక్క రోజే చేతిలో ఉంటే గద్వాల వదిలెయ్యండి. కోట పేరు పెద్దదే గానీ, ఇల్లు చూడాలని వెళ్లేవారికి అక్కడ దొరికేది తక్కువ. పాత సున్నం కట్టడం ఎట్లా నిలబడిందో, ఎక్కడ ఓడిపోతోందో చూడాలంటే వనపర్తి, కొల్లాపూర్ చాలు.

హైదరాబాద్ నుంచి 44వ నంబరు హైవే మీద జడ్చర్ల దాటి, కొత్తకోట దగ్గర ఎడమకు తిరగాలి. వనపర్తి సుమారు 150 కి.మీ. పొద్దున ఆరింటికి బయల్దేరితే టిఫిన్‌తో కలిపి తొమ్మిదిన్నరకు చేరొచ్చు. రైల్లో వచ్చేవారు ‘వనపర్తి రోడ్’ అన్న పేరు చూసి మోసపోవద్దు. ఆ స్టేషన్ మదనాపురంలో ఉంది, ఊళ్లోకి రావడానికి మళ్లీ ఇంకో బండి ఎక్కాలి.

వనపర్తి రాజమహల్లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. అందువల్ల ఇది టికెట్ కొని తిరిగే చోటు కాదు. ముందు ఆఫీసులో అడగాలి, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోవాలి. పరీక్షల రోజుల్లో వెళ్తే బయటి నుంచే చూసి రావాల్సి ఉంటుంది. ఒప్పుకున్నా తరగతి గదుల ముందు ఫొటోలు తీయకండి. 1949లో జాగీర్లు రద్దయ్యాక ఈ ప్రాంతంలో ఎన్నో గడీలు (దొరల కోట ఇళ్లు) మనుషులు లేక కూలాయి. ఇక్కడ రోజూ తలుపు తీసేవాళ్లు, చెత్త ఊడ్చేవాళ్లు ఉన్నారు. పాత ఇంటికి అంతకన్నా పెద్ద మరమ్మతు లేదు.

ఇట్లాంటి ఇళ్లలో ముందు తలెత్తి చూడాలి. ఈ కాలపు మిద్దె సాధారణంగా ఇట్లా ఉంటుంది: గోడ నుంచి గోడకు టేకు దూలాలు, వాటి మీద అడుగున్నర ఎడంతో దంతెలు (సన్న దూలాలు), వాటిపై పలచటి ఇటుకలను నిలువుగా, ఐమూలగా పేర్చి సున్నంతో పట్టించిన పొర. దానిపైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి మూడు నాలుగు అంగుళాల మందం పోసి, కర్ర బ్యాట్లతో రోజుల తరబడి కొడతారు. కొడుతూనే కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతారు. ఇందుకు వాడే డంగుసున్నాన్ని ఎడ్లు తిప్పే గానుగలో రాతి చక్రం కింద వెన్నలా అయ్యేదాకా నలపాల్సిందే. చేతితో కలిపిన సున్నానికి ఆ పట్టు రాదు.

పాడయ్యేది మధ్యలో కాదు, అంచున. పిట్టగోడ అడుగున నీళ్లు పోయే తూముకు ఆకులు అడ్డం పడతాయి. నిలిచిన నీళ్లు గోడలోకి దిగుతాయి. దూలం కొస గోడలో దాగి ఉంటుంది గనుక ముందు అదే కుళ్లుతుంది, మనకు మాత్రం కనబడదు. దూలం గోడను తాకే చోట గోధుమరంగు మరక ఉందా, కింద ఇనుప బద్ద దన్ను పెట్టారా చూడండి. పెట్టి ఉంటే ఆ గది నడిమధ్య గుంపుగా నిలబడొద్దు.

రెండో శత్రువు సిమెంటు. సున్నం గోడ తేమను పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి, లోపల ఉప్పు పేరుతుంది. వేలి కణుపుతో తట్టి చూస్తే డొల్ల చప్పుడొస్తుంది. కొన్నేళ్లకు ఆ సిమెంటు పెచ్చులూడి, పాత సున్నాన్ని కూడా వెంట తీసుకుపోతుంది. బాగు చేశామని చెప్పుకునే చోట్లే ఎక్కువ పాడు జరుగుతుందనడానికి ఇదే కారణం.

కొల్లాపూర్ సురభి వంశం వారిది, జటప్రోలు సంస్థానం. రాజధాని జటప్రోలు నుంచి ఇక్కడికి మారింది. రాజభవనం వారసుల ఆస్తి, మ్యూజియం కాదు. గేటు దగ్గర మర్యాదగా అడగండి, కాదంటే వాదించకండి. బయటి నుంచి చూసినా నిర్మాణం బాగానే అర్థమవుతుంది. పాత జటప్రోలు శ్రీశైలం జలాశయంలో మునిగింది. గుళ్లను రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, ఎత్తున మళ్లీ కట్టారు. ఇళ్లకు ఆ యోగం లేదు. మట్టీ సున్నం గోడను విప్పితే మళ్లీ పేర్చడానికి ఏమీ మిగలదు.

రాత్రికి వనపర్తి లాడ్జీల కన్నా సోమశిల మేలు. కొల్లాపూర్ నుంచి పది కిలోమీటర్ల లోపే, కృష్ణ ఒడ్డున టూరిజం వారి హరిత కాటేజీలున్నాయి. శని, ఆదివారాలకైతే ముందే బుక్ చేసుకోవాలి. రాత్రి భోజనం సాయంత్రమే చెప్పి పెట్టండి, పొద్దుపోయాక చుట్టుపక్కల తెరిచి ఉండే కొట్లు తక్కువ. వనపర్తిలో ఉండక తప్పకపోతే బస్టాండు వైపు గది వద్దనండి. డబ్బు కట్టకముందే గది చూసి, బాత్‌రూంలో నల్లా తిప్పి చూడండి.

జలాశయం నిండుగా ఉండే ఆగస్టు నుంచి జనవరి దాకా సోమశిల అందం. వేసవిలో నీళ్లు వెనక్కి తగ్గి బురద మిగులుతుంది. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎంత తక్కువకు వచ్చినా ఎక్కొద్దు.

రెండో రోజు గద్వాలకు వెళ్లేవారు పెబ్బేరు మీదుగా హైవే ఎక్కి ఎర్రవల్లి చౌరస్తాలో కుడికి తిరగాలి. గద్వాల పాలకుడు సోమనాద్రి కట్టించిన కోటలో చెన్నకేశవ స్వామి గుడి, డిగ్రీ కాలేజీ ఉన్నాయి. గంట చాలు. మిగిలిన పూట మగ్గాల దగ్గర గడపండి. తిరుమల బ్రహ్మోత్సవాలకు స్వామివారికి కట్టే ఏరువాడ జోడు పంచెలు నేసి పంపేది ఈ ఊరే. చీర కొంటే, నూలు ఒంటికి పట్టు అంచు అతికిన చోట తిరగేసి చూడండి. అసలు పనితనం ఆ అతుకులోనే ఉంటుంది. పొద్దున్నే వస్తే మాత్రం ముందు ఉగ్గాని (బొరుగుల ఉప్మా), బజ్జీ. పది దాటితే దొరుకుతుందన్న నమ్మకం లేదు.