కడప విమానం ఎనిమిదేళ్లుగా ఎక్కుతున్నా: మాకు కావాల్సింది నైట్ హాల్ట్

కడప విమానం అనగానే అందరూ టికెట్ ఎంత అని అడుగుతారు. ధర మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. నా బాధంతా దాని వేళ మీదే. ఉద్యోగం హైదరాబాద్‌లో, అమ్మ కడపలో. 2017 నుంచి, విమానాలు లేని నెలలు తీసేస్తే, ఏడాదికి ఐదారు సార్లు వెళ్లొస్తున్నాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు మంచి చెప్పాలి. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకి చవకగా విమానాలు నడిపే ఉడాన్ పథకాన్ని ప్రధాని సిమ్లా నుంచి ప్రారంభించినప్పుడు మొదటి మూడు రూట్లలో కడప–హైదరాబాద్ ఒకటి. మిగతా రెండూ సిమ్లా–ఢిల్లీ, నాందేడ్–హైదరాబాద్. దేశంలో ఇన్ని ఊళ్లుండగా మా ఊరి పేరు మొదటి రోజే వినపడటం ఎంత సంతోషమో కడప వాళ్లకే తెలుస్తుంది. 2015లో ఎయిర్‌పోర్ట్ మళ్లీ తెరిచినప్పుడు బెంగళూరుకి ఒక విమానం కొన్నాళ్లు నడిచి ఆగిపోయింది. ఆ తర్వాత రన్‌వే ఖాళీగా పడి ఉండేది.

2017లోనే అమ్మకి మోకాలి ఆపరేషన్ కోసం హైదరాబాద్ తీసుకెళ్లాల్సి వచ్చింది. రాత్రి వెంకటాద్రి ఎక్కించాలంటే భయం. లోయర్ బెర్త్ దొరికినా, రైలు మెట్లు ఎక్కించడమే పెద్ద పని. విమానంలో వీల్‌చైర్, లిఫ్ట్ అంటూ ఇంకేం తిప్పలో అనుకున్నాను. తీరా చూస్తే ఏటీఆర్ చిన్న విమానం, తలుపు వెనకవైపు ఉంది, నేలకి దగ్గరగా నాలుగైదు మెట్లే. అమ్మ నా భుజం పట్టుకుని మెల్లగా తనే ఎక్కేసింది. రెక్కలు పైన ఉంటాయి కాబట్టి కిటికీలోంచి కింద నేలంతా కనిపిస్తుంది. "పెన్నలో చుక్క నీళ్లు లేవే నాయనా" అంది. ఇంకో గంటకి చక్రాలు నేలని తాకితే, "ఇంగ వచ్చేసిందా? ఇంతేనా?" అని రెండుసార్లు అడిగింది. ఆ రోజు మధ్యాహ్నం మా ఇంట్లో కూర్చుని అన్నం తింది. ఆపరేషన్ తర్వాత తిరిగి వెళ్లింది కూడా విమానంలోనే. ఆ రెండు ప్రయాణాల కోసమైనా ఈ విమానాన్ని తెచ్చిన వాళ్లకి నేను రుణపడి ఉన్నాను.

అప్పట్లో కనపడిన వాళ్లందరికీ "గంటలో కడప" అని చెప్పేవాణ్ని. ఇప్పుడైతే అంత ధీమాగా చెప్పను. గంట గాలిలో ఉండేది మాత్రమే. ఇంటి నుంచి శంషాబాద్, అక్కడ చెకిన్, సెక్యూరిటీ, ఎదురుచూపులు కలుపుకుంటే నాలుగున్నర గంటలు సులభంగా అవుతుంది. అలాగే 2,500 రూపాయల టికెట్ గురించి కూడా చాలా గొప్పగా చెప్పాను. ఉడాన్‌లో గంట ప్రయాణానికి ఆ ధర వర్తించేది సగం సీట్లకే, మిగతావి మామూలు రేటు. ముందుగా తీసుకున్న వాళ్లకే అది దొరికేది. నా ప్రయాణాలు ఎక్కువగా ఉన్నట్టుండి పడేవి కాబట్టి నాకు దొరికింది తక్కువే.

ఇక అసలు విషయం. ఒకరోజు తెల్లవారుజామున ఫోన్. మా చిన్నాయన పోయాడు. నాయన పోయాక నన్ను చదివించింది ఆయనే. ఆరు కాకముందే ఫోన్ తీసి విమానం చూశాను. ఆ రోజు విమానం లేదు. రద్దు కాలేదు, ఆలస్యమూ కాలేదు. వారంలో కొన్ని రోజులే నడుస్తోంది, అది ఆ రోజుల్లో లేదు, అంతే. కారు మాట్లాడుకుని బయల్దేరాను. నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. కర్నూలు దాటేసరికి ఎండ ముదిరింది. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు, ప్రతి ఊళ్లోనూ ఇంటి నుంచి ఫోన్. "ఎంతసేపు పడుతుంది?", "పంతులు తొందర పెడుతున్నాడు", "చీకటి పడితే కష్టం." చివరి ఫోన్‌లో తమ్ముడు ఏమీ అడగలేదు, "నిదానంగా రా అన్నా" అన్నాడు. అప్పటికే అర్థమైంది. నేను చేరేసరికి మట్టి అయిపోయింది. ఆయన కడసారి చూపు నాకు దక్కలేదు.

దీనికి ఎవరినీ తప్పు పట్టలేను. రోజూ నడిపేంత జనం లేకపోతే ఏ సంస్థ మాత్రం ఏం చేస్తుంది? కానీ ఆ రోజు నుంచి విమానం గురించి నా ఆలోచన మారింది. మన నాయకులు "ఫలానా ఊరికి విమానం తెచ్చాం" అంటే ఇప్పుడు నేను అడిగేది ఒకటే. ఏ రోజుల్లో, ఎన్ని గంటలకి?

పల్లెల్లో పుట్టిన వాళ్లకి నైట్ హాల్ట్ బస్సు తెలుసు. రాత్రి ఆఖరి ట్రిప్పుకి వచ్చి ఊళ్లోనే పడుకుంటుంది, తెల్లారి మొదటి ట్రిప్పుగా పట్నానికి పోతుంది. పొద్దున వెళ్లి, పని చూసుకుని, రాత్రికి అదే బస్సులో తిరిగి రావచ్చు. నైట్ హాల్ట్ లేని ఊరికి కూడా బస్సు వస్తుంది, కానీ పదకొండింటికో రెండింటికో, పట్నం వాళ్ల వీలు చూసుకుని వస్తుంది. కడప విమానం ఈ రెండో రకం. విమానం రాత్రి పడుకునేది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో. అక్కడ లేచి, లాభం వచ్చే రూట్లు ముందు తిరిగి, మధ్యలో ఎక్కడో మా ఊరికి వస్తుంది. అరగంట కూడా ఆగకుండా వెళ్లిపోతుంది. నేను ఎక్కిన కాలంలో చాలాసార్లు దాని వేళ నడిమధ్యాహ్నమే. కడప నుంచి హైదరాబాద్‌లో డాక్టర్‌కి చూపించుకుని అదే రోజు ఇల్లు చేరడం కుదరదు. ఒక రాత్రి హోటలో, చుట్టాల ఇల్లో తప్పదు. టికెట్‌లో మిగిలింది అక్కడే పోతుంది. పైగా మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం టైమ్ టేబుల్ మారుతుంది. అలవాటు పడేలోగా మళ్లీ కొత్త వేళ.

చవక విమాన సంస్థని చిన్న ఊరికి రప్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఏటీఆర్‌లో 70కి పైగా సీట్లు, అవి నిండకపోతే ఆ నష్టం ఎవరిది? అందుకే ఉడాన్‌లో ఆ లోటు డబ్బు ప్రభుత్వమే సంస్థకి ఇచ్చింది. తక్కువ సాయం అడిగిన సంస్థకి రూట్ ఇచ్చి, మూడేళ్లు ఇంకొకరు రాకుండా చూశారు. ఆ లోటులో ఐదో వంతు రాష్ట్రం భరించింది, ఇంధనం మీద వ్యాట్ 1 శాతానికి తగ్గించింది. ల్యాండింగ్, పార్కింగ్ చార్జీలు లేవు. ఇన్ని చేస్తేనే వచ్చారు. కడప రూట్‌కి ఆ మూడేళ్లు లెక్కప్రకారం నిండింది 2020 ఏప్రిల్‌లో. అప్పుడు లాక్‌డౌన్, దేశంలో ప్రయాణికుల విమానాలే లేవు. ఆ తర్వాత మొదటి సంస్థ కోలుకోలేక 2022 ఫిబ్రవరిలో సర్వీసులు ఆపేసింది. మార్చి 27 నుంచి మరో సంస్థ వచ్చింది. మధ్యలో ఉన్న ఆ కొద్ది వారాల్లో అమ్మ చెకప్ పడింది. రైల్లోనే తీసుకొచ్చాను. ఆమె ఏమీ అనలేదు గానీ రాత్రంతా పడుకోలేదు.

నాకు అనిపించేది ఇది. ప్రజల డబ్బు ఇచ్చేటప్పుడు వారానికి ఎన్ని ట్రిప్పులు అని మాత్రమే కాదు, ఏ వేళకి అని కూడా ఒప్పందంలో రాయాలి. ఒక్క విమానం రాత్రి కడపలో ఆగితే చాలు. దానికి లైట్లు, కాపలా, సిబ్బందికి మంచి బస, ఒక ఇంజనీర్ కావాలి. ఖర్చే, కాదనను. కానీ పొద్దున ఏడింటికి విమానం ఉంటే డాక్టర్ పని ఉన్నవాళ్లు, కోర్టు పని ఉన్నవాళ్లు, వ్యాపారులు ఎక్కుతారని నా గట్టి నమ్మకం. మధ్యాహ్నం వేళ పెట్టి, జనం లేరని చెప్పి, రోజులు తగ్గిస్తే జనం ఎప్పటికీ రారు.

మీరు ఎక్కవచ్చా? నా పరిస్థితి వేరు. నేను అత్తాపూర్‌లో ఉంటాను, ఎయిర్‌పోర్ట్ దగ్గర. మా ఇల్లు కడప టౌన్‌లోనే. మియాపూర్ నుంచి రాయచోటికో ప్రొద్దుటూరుకో వెళ్లేవాళ్లకి సమయం అంతగా కలిసి రాకపోవచ్చు. ముందే తెలిసిన ప్రయాణం అయితే, ఇంట్లో మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లుంటే, నిస్సంకోచంగా ఎక్కండి. అత్యవసరానికి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు, నేను నమ్ముకోవడం మానేశాను.

వచ్చే నెల అమ్మ చెకప్ ఉంది. వచ్చేటప్పుడు విమానానికి టికెట్ తీశాను. తిరిగి వెళ్లాల్సిన రోజు వేళ కుదరలేదు, అందుకని వెంకటాద్రిలో లోయర్ బెర్త్ కోసం చూస్తున్నాను.