ఒకేసారి పెద్ద మొత్తమా, నెలనెలా కొంచెమా?

కెన్యా పశ్చిమాన పల్లెల్లో గివ్ డైరెక్ట్‌లీ సంస్థ పేద కుటుంబాలకు షరతుల్లేకుండా డబ్బిస్తుంది, ఎం-పెసా అనే మొబైల్ డబ్బు సేవ ద్వారా నేరుగా ఫోన్‌కే. ఏది మేలో చూద్దామని ఒక ప్రయోగంలో కొన్ని ఊళ్లలో వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ సుమారు 500 డాలర్లు ఒకేసారి ఇచ్చింది, కొన్నిటిలో రోజుకి ముప్పావు డాలరు లెక్కన నెలనెలా, అదీ కొన్నిచోట్ల 2 ఏళ్లు, కొన్నిచోట్ల 12 ఏళ్లు ఇస్తామని మొదలుపెట్టింది.

నెలవారీ డబ్బుతో తిండికి టెన్షన్ తగ్గుతుంది, నిజమే. కానీ చేతికి వచ్చింది వచ్చినట్టే ఉప్పూపప్పులకు పోతే ఆవునెప్పుడు కొంటారు, కొట్టెప్పుడు పెడతారు? మొత్తంగా ఇస్తే గడ్డికప్పు తీసేసి రేకులు వేయించుకుంటారు, ఏటా గడ్డి మార్చే ఖర్చు మిగులుతుంది, చిన్న వ్యాపారాలు కూడా మొదలయ్యాయి.

తమాషా ఏంటంటే, 12 ఏళ్లపాటు నెలనెలా వస్తుందని తెలిసినవాళ్లు కలిసి మన చీటీల్లాంటివి వేసుకుని, ఆ చిల్లరనే పెద్ద మొత్తంగా మార్చుకున్నారు! 2 ఏళ్లే వస్తుందన్నవాళ్లలో ఈ ఊపు అంతగా కనబడలేదు.

నన్నడిగితే ఒకేసారి ఇవ్వడానికే ఓటు. ఇంట్లో పూటకి గింజల్లేని వాళ్లకి మాత్రం నెలవారీయే నయం.