ఈమెయిలా, ఇష్యూ ట్రాకరా: పదేళ్ల వాడకం తరువాత నా అభిప్రాయం

మా బృందంలో సాంకేతిక చర్చలన్నీ మొదటి నాలుగేళ్లు ఈమెయిల్‌లోనే సాగాయి. ఆ తరువాత ఇష్యూ ట్రాకర్‌కు (ప్రతి సమస్యనూ టికెట్ అనే నంబరున్న పేజీలో నమోదు చేసే సాధనానికి) మారి ఆరేళ్లు దాటింది. ఇంకా తేలని విషయాన్ని చర్చించడానికి ఈమెయిలే మేలని, తేలిన విషయాన్ని కారణంతో సహా భద్రపరచడానికి ట్రాకర్ తప్పనిసరి అని ఇన్నేళ్ల వాడకం నాకు నేర్పింది.

ఈమెయిల్ వల్ల మేము పడిన పెద్ద ఇబ్బందిని ముందుగా చెబుతాను. చెల్లింపుల సేవకు అభ్యర్థన పంపే కోడ్‌లో టైమౌట్, అంటే జవాబు కోసం వేచి ఉండే గరిష్ఠ సమయం, 30 సెకన్లుగా ఉండేది. కొత్తగా చేరిన సహోద్యోగి అది మరీ ఎక్కువని భావించి 10 సెకన్లకు తగ్గించారు, టెస్టులన్నీ పాసయ్యాయి. విడుదలైన రోజు సాయంత్రానికే కొందరు వినియోగదారుల నుంచి డబ్బు రెండుసార్లు వసూలైందని తెలిసింది. అవతలి సేవ ఒక్కోసారి 20 సెకన్లకు పైగా ఆలస్యంగా జవాబిస్తుంది. ఆలోపే మా కోడ్ చెల్లింపు విఫలమైందనుకుని మళ్లీ ప్రయత్నించింది. ఈ సంగతి మూడేళ్ల క్రితమే తొమ్మిది మెయిళ్లలో క్షుణ్ణంగా చర్చకు వచ్చింది. అయితే అది రాసినవారు ఉద్యోగం మానేశారు, వారి మెయిల్‌బాక్స్ తొలగించబడింది, చివరి మెయిల్‌లో మాత్రమే సీసీలో ఉన్న నా దగ్గర ఒక ముక్క మిగిలింది. మార్పు చేసిన వ్యక్తిని తప్పుపట్టడం అన్యాయమని నేను ఆ రోజూ అన్నాను, ఈ రోజూ అంటాను. ఆ కారణం ఆయనకు కనిపించే చోట లేదు.

ట్రాకర్ ఈ లోటును తీరుస్తుంది. కమిట్ (నమోదు చేసిన కోడ్ మార్పు) సందేశంలో టికెట్ నంబరు ఉంటే, ఏ లైనును ఏ కమిట్ చివరిగా మార్చిందో చూపే గిట్ బ్లేమ్‌తో ఒక లైను నుంచి కమిట్‌కు, అక్కడి నుంచి టికెట్‌కు నిమిషంలో చేరుకోవచ్చు.

అలాగని చర్చ మొత్తాన్ని ట్రాకర్‌లోనే పెడితే మరో రకమైన నష్టం కలుగుతుంది. ఈమెయిల్‌లో ప్రతి జవాబూ ఏ సందేశానికి బదులో ఇన్-రిప్లై-టు హెడర్ నమోదు చేస్తుంది కనుక చర్చ కొమ్మలుగా చీలినా దారి తప్పదు; అవతలివారి వాక్యం కిందనే మన జవాబు రాయవచ్చు. టికెట్‌లో వ్యాఖ్యలు ఒకదాని కింద ఒకటి పేరుకుంటూ పోతాయి. కోడ్‌నూ టికెట్లనూ ఉంచే వెబ్‌సైటు గిట్‌హబ్‌లోనైతే చర్చ బాగా పెరిగినప్పుడు మధ్యలోని వ్యాఖ్యలు దాచబడతాయి. అసలు నిర్ణయం అక్కడే ఉంటే బ్రౌజర్‌లో వెతికినా దొరకదు. అంతకంటే నన్ను ఎక్కువగా బాధించేది, టికెట్ తెరిచిన క్షణం నుంచి దాన్ని ఎవరికి అప్పగించాలి, ఎప్పుడు మూసివేయాలి అన్న ఒత్తిడి మొదలవడం. సగం ఆలోచనలో ఉన్న ప్రశ్నకు గడువు తేదీ పెడితే, జవాబు కూడా సగంలోనే ఆగిపోతుంది.

పెద్ద ప్రాజెక్టులు కూడా ఒకే దారిలో లేవు. లినక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) ప్యాచ్‌ల, అంటే కోడ్ మార్పుల, సమీక్ష నేటికీ ప్రధానంగా ఈమెయిల్‌లోనే జరుగుతుంది. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టు తన ఇష్యూలను 2022లో గిట్‌హబ్‌కు తరలించింది. నాకు బాగా నచ్చినది డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ పద్ధతి: చర్చ ఈమెయిల్‌లో నడుస్తుంది, కమిట్ సందేశంలో ఆ చర్చ లంకె ఉంటుంది, చర్చ అందరికీ అందుబాటులో భద్రంగా ఉంటుంది. లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌లో ప్రతి బగ్‌కూ ఒక నంబరు ఉండి, ఆ నంబరు చిరునామాకు మెయిల్ పంపితే చాలు, అది బగ్ చరిత్రలో చేరుతుంది.

ప్రస్తుతం మా బృందంలో చర్చ మెయిల్‌లో మొదలవుతుంది. అది తేలగానే, మొదలుపెట్టినవారే టికెట్‌లో నాలుగు వాక్యాలు రాయాలి: ఏం నిర్ణయించాము, ఎందుకు, ఏ ప్రత్యామ్నాయాన్ని వద్దనుకున్నాము, ఏం మారితే మళ్లీ ఆలోచించాలి. అవి లేకుండా కోడ్ సమీక్షకు రాదు. దీనివల్ల పని కొంత నెమ్మదిస్తుందన్న ఫిర్యాదు నిజమే, దానికి నేను సమ్మతిస్తున్నాను. టైమౌట్ లైను పైన ఇప్పుడు టికెట్ నంబరు ఉంది.