కాగితపు తాడు కుర్చీతో కాపురం

డెన్మార్క్ డిజైనర్ హాన్స్ వెగ్నర్ 1950లో రూపొందించిన సీహెచ్25 అనే వాలు కుర్చీ చెక్క పనితనాన్నీ, వంపుల అందాన్నీ పొగిడినవాళ్లు బోలెడుమంది. కోపెన్‌హాగెన్‌లోని మా ఇంట్లో ఏళ్లుగా వాడుతున్న నన్ను మాత్రం కట్టిపడేసింది దాని అల్లికే. పరుపు లేదు, స్ప్రింగులు లేవు. ఉన్నదల్లా మెలితిప్పిన కాగితపు తాడు. యుద్ధకాలంలో సముద్రపు గడ్డికి బదులుగా వాడుకలోకి వచ్చిన ఈ తాడు మీద ఎంతసేపు వాలినా చెమట పట్టదు, నడుమూ పట్టదు.

"కాగితం ఎన్నాళ్లు ఆగుతుంది?" అన్నవాళ్లతో "నాకంటే ఎక్కువే" అని గొప్పగా చెప్పేవాణ్ని. ఇప్పుడు కాస్త గొంతు తగ్గించాను. మోకాళ్ల వెనక తగిలే ముందు పట్టీ దగ్గర, జీన్సు ఒరిపిడికి మొదట నూగు లేచింది. తర్వాత ఒక వరస తెగింది, దాని వెంటే పక్కదీ. మన నులక మంచమైతే కాళ్లవైపు తాడు లాగి బిగించుకుంటాం. దీనికి ఆ వెసులుబాటు లేదు. అల్లే ఆయన అతుకు వేయనని తేల్చేశాడు. అడుగునుంచి సీటంతా కోసేసి మొదటినుంచీ మొదలుపెట్టాడు. ఒక్కో వరస లాగడం, సుత్తితో తట్టి పక్కదానికి ఆనించడం, మళ్లీ లాగడం. కొత్త కుర్చీకి సీటూ వీపూ కలిపి సుమారు 400 మీటర్ల తాడు, 10 గంటల పని పడుతుంది. కూలీ ఎంతో విన్నాక ఆ లెక్క నాకు బాగా ఒంటబట్టింది. వీపు కూడా మార్పించమన్నాడు, ఖర్చు చూసి వద్దన్నాను. ఫలితం: సీటు లేత రంగు, వీపు ముదురు తేనె రంగు. వాడగా వాడగా కలిసిపోతాయని ఆయన హామీ. ఇంకా కలవలేదు. పైగా కూర్చున్నప్పుడల్లా కొత్త సీటు కిర్రుమంటోంది. పాతది ఎన్నడూ నోరెత్తలేదు.

సీటు ఎత్తు 35 సెంటీమీటర్లే. మా నాన్నగారు వచ్చినప్పుడు లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సి వచ్చేది. చివరికి ఆయన భోజనాల బల్ల దగ్గరి కుర్చీకి మారిపోయారు. మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు, నేను దీన్ని వాడేది సాయంత్రం చదువుకోవడానికే, కాబట్టి నాకు సరిపోయింది. కొత్తదాని ధర పెట్టి మాత్రం కొనేవాణ్ని కాదు, నాది పాతసామాన్ల దుకాణంలో దొరికింది. మీరూ పాతదే చూస్తుంటే చెక్క మీది గీతలను వదిలేయండి. కుర్చీ తిరగేసి, ముందు పట్టీ పొడవునా తాడును వేలితో తడమండి. నూగు తగిలితే అల్లిక కూలీని కూడా ధరలో కలుపుకొని బేరమాడండి.