పెంగ్విన్ గోడ చార్టు: లోతు చూపించారు, తిరిగొచ్చే వేళ చూపించలేదు

సైన్స్ ఫేర్లు దగ్గర పడేసరికి తిరుపతి గాంధీ రోడ్డు స్టేషనరీ అంగళ్లలో చార్టుల గిరాకీ మొదలవుతుంది. అక్కడ దొరికే వాటిలో పిల్లల్ని సాకే పెంగ్విన్లు సముద్రంలో ఎలా వేటాడతాయో చూపే తెలుగు చార్టు ఒకటుంది. 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు, రెండు వైపులా లామినేషన్, వెల 90 రూపాయలు. హైస్కూలు తరగతి గదికి కొనవచ్చు. కానీ గోడకు తగిలించే ముందు కొన్ని దిద్దుకోవాలి.

బాగున్నది ముందు. నోటి లోపలి బొమ్మ చాలా శ్రద్ధగా వేశారు. నాలుక మీద, అంగిట్లో గొంతు వైపు వంగిన ముళ్లు విడివిడిగా కనిపిస్తాయి. పళ్లు లేని పక్షి జారిపోయే చేపను నీళ్లలోనే ఎలా మింగేస్తుందో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. బోలుగా కాకుండా గట్టిగా ఉండే ఎముకలు, కంటి పైన ఉప్పును వేరుచేసే గ్రంథి కూడా సరిగ్గా ఉన్నాయి.

పెద్ద తప్పు నట్టనడుమ ఉంది. గూటికి వస్తున్న తల్లి ముక్కున చేపను కరుచుకొని ఉన్నట్టు వేశారు. పెంగ్విన్ అలా తేదు. పట్టిందంతా మింగి పొట్టలో తెస్తుంది. పిల్ల ముక్కుతో పొడిచి అడిగితే కక్కి దాని నోట్లో పెడుతుంది. ముక్కున ఒక్కో చేప తెచ్చేదైతే అన్నేసి కిలోమీటర్లు ఈది రావడం గిట్టుబాటు కాదు. మన నేలపట్టు గూడబాతులు (పెలికాన్లు) కూడా అంతే, మింగి తెచ్చిన చేపల్నే చెట్ల మీది గూళ్లలో పిల్లలకు కక్కి పెడతాయి. ఆ పోలిక ఒక్కటి పక్కన వేసి ఉంటే ఇక్కడి పిల్లలకు ఇట్టే అర్థమయ్యేది.

మగ ఎంపరర్ పెంగ్విన్ సంగతి చార్టులో సగమే ఉంది. పాదాల మీద గుడ్డు పెట్టుకొని, తిండి లేకుండా సుమారు 65 రోజులు పొదుగుతుందని రాసి ఆపేశారు. ఆడది సముద్రం నుంచి రావడం ఆలస్యమైతే, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లకు ఆ తండ్రే తన ఆహారనాళంలో ఊరే పాలలాంటి ద్రవం పడుతుంది. ఇలాంటి పాలు పట్టేవి పక్షుల్లో చాలా తక్కువ. పావురాలున్నాయి, పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలున్నాయి.

కుడివైపు లోతుల నిచ్చెన వేశారు. ఎంపరర్ పెంగ్విన్ 564 మీటర్లు, కింగ్ పెంగ్విన్ 343, అడీలీ పెంగ్విన్ 180 అని ఉంది. అంకెల్లో తప్పు లేదు. అయితే అవి రికార్డులు. రోజూ అంత లోతుకు పోతాయని పిల్లలు అనుకుంటారు. అడీలీ మునకలు మామూలుగా 100 మీటర్ల లోపే. కింగ్ పెంగ్విన్ లోతు వేళను బట్టి మారుతుంది. అది వెతికే లాంతరు చేపలు పగలు లోతుకు దిగి, రాత్రి పైకి వస్తాయి. అందుకే పగటి మునకలు లోతు, రాత్రివి పైపైనే. ఎంపరర్‌కు దాదాపు 5.6 నిమిషాల వరకు కండరాల్లో, రక్తంలో, గాలి సంచుల్లో దాచుకున్న ఆక్సిజన్ సరిపోతుంది. అది దాటితే రక్తంలో లాక్టేట్ (ఆక్సిజన్ చాలనప్పుడు కండరాల్లో తయారయ్యే పదార్థం) పెరగడం మొదలవుతుంది, ఆ తర్వాత పైన ఎక్కువసేపు ఆగి తేరుకోవాలి. 32 నిమిషాలు మునిగిన ఎంపరర్ కూడా ఉంది, కానీ రోజంతా అలా మునిగితే వేట సాగదు.

మునకను ఒకే ఒక్క వి ఆకారంలో గీయడం కూడా సరికాదు. దారి వెతికేటప్పుడు అలా ఉండొచ్చు. మేత దొరికిన చోట మునక గిన్నె ఆకారంలో ఉంటుంది. దిగుతుంది, అడుగున ఆగుతుంది, అక్కడ పైకీ కిందికీ కదులుతూ పట్టుకుంటుంది, తర్వాత పైకి వస్తుంది. పైకి వచ్చేటప్పుడు ఊపిరితిత్తుల్లో, ఈకల్లో ఉన్న గాలి వ్యాకోచించి తేలుస్తుంది గనుక చివర్లో రెక్కలాడించకుండానే జారుతూ వస్తుంది. దీన్ని లామినేషన్ మీద వైట్‌బోర్డు మార్కర్‌తో గీయించవచ్చు. అడ్డంగా సెకన్లు, నిలువుగా మీటర్లు పెట్టాలి. ఈత వేగం సెకనుకు 2 మీటర్లు అనుకుంటే 40 మీటర్లకు నిట్టనిలువుగా 20 సెకన్లు పడుతుంది. పక్షి ఏటవాలుగా దిగుతుంది కాబట్టి అంతకంటే ఎక్కువే అవుతుంది. గీత చెరిపేయడానికి పొడి గుడ్డ చాలు. అదే రోజు చెరపండి, ఎండ తగిలే గోడ మీద వారం ఉంచితే మరక పడిపోతుంది.

చార్టు అసలు పట్టించుకోనిది సమయం. పిల్ల బతకడం తల్లిదండ్రులు ఎంత లోతుకు వెళ్లారన్న దానికంటే ఎప్పుడు తిరిగొచ్చారన్న దాని మీదే ఆధారపడుతుంది. అడీలీల్లో మొదటి మూడు వారాలు ఒకరు కాపలా, ఒకరు వేట. పిల్ల ఆకలి పెరిగాక ఇద్దరూ సముద్రానికి పోతారు, పిల్లలు గుంపుగా చేరి ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి. ఆ గుంపు బొమ్మే లేదు. "తల్లీ తండ్రీ ఎప్పుడూ వంతులవారీగా" అన్న వాక్యం అన్ని జాతులకూ వర్తించదు. మకరోనీ పెంగ్విన్లలో మొదటి వారాల్లో మగది ఉపవాసంతో కాపలా కాస్తుంది, వేటకు ఆడదే వెళ్తుంది. కొన్ని జాతులు పిల్లకోసం చిన్న యాత్రలు చేస్తూ, మధ్యలో తమ ఒళ్లు కోలుకోవడానికి ఒక పెద్ద యాత్ర పెట్టుకుంటాయి. దగ్గరి నీళ్లలో మేత తగ్గితే యాత్ర పొడవవుతుంది, పిల్లకు తిండి ఆలస్యమవుతుంది, చాలా గూళ్లలో రెండో పిల్ల దక్కదు.

శత్రువుల వరుసలో లెపర్డ్ సీల్, ఓర్కా (కిల్లర్ వేల్), స్కువా అనే సముద్రపక్షి సరే. ధ్రువపు ఎలుగుబంటిని ఎందుకు పెట్టారో. అది ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఉంటుంది, పెంగ్విన్ల దారిలోకే రాదు.

కొనేటప్పుడు చుట్ట విప్పించి చూడండి. అంచుల్లో లామినేషన్ లేచిన కాపీలు ఉన్నాయి, ఎండాకాలంలో అక్కడి నుంచే బుడగలు వస్తాయి. టేపుతో అంటించకుండా పై అంచుకు సన్నని చెక్క పట్టీ వేసి తగిలిస్తే మేలు. ఎలుగుబంటి మీద తెల్ల కాగితం అతికించి, ఆ చోట పెంగ్విన్ పిల్లల గుంపు బొమ్మ గీయించండి, స్థలం సరిగ్గా సరిపోతుంది.